పైడయ్య తోటలో తెగని కేబులు

భావనపాడు,
కార్తీక సోమవారం.

ఆనందుకి,

మీ అప్ప కళ్యాణి రాసేది. దీవెన్లు రాద్దామంటే సెయ్యి రాలేదు, అందుకని రాయలేదు.

రోజూ ఫోను సేత్తన్నావు. నానెత్తను. ఎత్తితే నువ్వు ఏడుత్తావు, నాకు జాలేత్తాది. నాకిప్పుడు జాలొద్దు. నా గుమ్మం కూడా తొక్కొద్దు. ఏటైనా సెప్పాలనుంటే కాయితం మీద రాయి. మా అత్త అప్పలమ్మ ఎండుసేపల గంపెట్టుకొని పలాస సంతకొత్తాది కదా, ఆమె సేతికియ్యి. ఈ ఉత్తరం కూడా ఆమే తెచ్చింది. సదువు రాదు కాబట్టి మజ్జిన ఇప్పదు.

దినం నాడు నువ్వు మూల కూకొని గెడ్డం కింద సెయ్యెట్టుకున్నావు. ఆ రోజు ఏటి జరిగిందో ఇన్నావో నేదో. మళ్లీ సెప్తాను.

మజ్జాన్నం మబ్బు పడమటి కొండల కాడుంది. ఇక్కడ ఎండ. మీ బావ, లోకనాథం మావ, ఇంకా కొందరు వలలేసుకొని ఒడ్డున నిలబడ్డారు. మీ బావ సైరను స్తంభం ఏపు సూసినాడు. పిడుగులొత్తాయంటే జిల్లా ఆపీసు కబురు మీ కంపెనీ తీగలో వచ్చి అదే కూత్తాదని కదా దాన్ని పాతినారు. ఏసవిలో అది కూసిన పెతిసారీ పిడుగులు పడ్డాయి. దాంతో మావోళ్లు మబ్బుని సూడ్డం తగ్గించి దాన్ని సూడ్డం మొదలెట్టినారు. లోకనాథం మావ "మబ్బు వాలకం బాగోనేదు కామేశూ" అన్నాడు. మీ బావ "పిడుగులుంటే కూయదా మావా" అన్నాడు. అది కూయనేదు. ఫోన్లల్లో ఒక్క సిగ్నలు గీత కూడా నేదు. ఎల్లిపోనారు.

పడవ అలలు దాటిందో నేదో మబ్బు మీదకొచ్చీసింది. మీ బావ నిలబడి వల లాగుతున్నాడంట. మావ వంగి తాడు సుడుతున్నాడు, అందుకని బతికినాడు. ఆయనకి ఇప్పటికీ సెవులు సరిగ్గా ఇనపడవు.

ఒడ్డుకి తెచ్చినప్పుడు మనిసి నిద్దరోతున్నట్టే ఉన్నాడు. జుట్టు ఒకపక్క కాలింది, అంతే. నాను ఆ తల ఒళ్లో పెట్టుకున్నాక ఫోన్లల్లో గీతలొచ్చినాయి. నా ఫోను మోగింది. పిడుగులు పడే అవకాశం ఉంది, సముద్రంలోకి వెళ్లకండి అని కబురు.

నువ్వు ఆ కంపెనీలోనే పని సేత్తన్నావు. ఆ కబురు అప్పటిదాకా ఎక్కడాగింది? ఎవరాపినారు? నాకు ఊరడింపులొద్దు. ఎవరో సెప్పు.

కళ్యాణి


పలాస,
నవంబరు.

అప్పకి,

నేను పలాసలో కంపెనీ మిషన్ల గదిలో పనిచేసేవాడిని మాత్రమే. ఆ రోజు నా డ్యూటీ కూడా కాదు. అయినా నువ్వు అడిగావు కాబట్టి మా మేనేజరు ఉదయశంకర్ గారిని అడిగాను. ఆయన రిపోర్టు చూపించారు.

మన లైను టెక్కలి నుంచి పలాస దాకా కరెంటు టవర్ల మీద వస్తుంది. పలాస నుంచి మీ ఊరికి నేలలో పూడ్చిన కేబులు. భావనపాడు రోడ్డు పక్కన పైడయ్య గారు తన కొబ్బరితోటలో పొక్లెయిన్‌తో గొయ్యి తవ్విస్తుండగా ఆ కేబులు తెగిందని రిపోర్టులో ఉంది. దానివల్లే సైరనుకీ, సెల్ టవరుకీ లింకు పోయిందట. కంపెనీ ఆయన మీద పోలీసు కేసు పెట్టింది.

ఆయన కావాలని చేసిన పని కాదు. కేసు నడుస్తుంది, నువ్వేమీ చెయ్యొద్దు. వేళకి తిను.

ఆనంద్


భావనపాడు,
నవంబరు నెలాఖరు.

ఆనందుకి,

నీ ఉత్తరంలో నా తమ్ముడు కనపడనేదు. ఆపీసోడు కనపడినాడు. మీ బావని సంపినోడికి గారు తగిలించినావు.

ఏమీ సెయ్యొద్దన్నావు. సేసీసినాను.

నీ ఉత్తరం పట్టుకొని లోకనాథం మావ కాడికెల్లాను. ఆయనకి ఇనపడదు కదా, సెవి కాడ అరిసి సదివాను. అరిసేతలికి ఈదందరికీ ఇనపడిపోనాది. సాయంత్రం పెద్దమనుసులు రేవు కాడ కూకున్నారు. పైడయ్యని పిలిపించినారు. తువ్వాలు నడుంకి కట్టుకొని వచ్చినాడు. అప్పటికే ఆడిని ఒకసారి స్టేషనుకి తీసుకెల్లి వొగ్గీసినారంట, మొకం పీక్కుపోయుంది.

"నా గొయ్యికీ కేబులుకీ మజ్జిన రోడ్డుంది. రోడ్డుకి అటేపు తవ్వితే ఇటేపు ఎలాగ తెగుద్ది?" అన్నాడు.

"పోలీసోళ్లు ఊరికే కేసెట్టినారా?" అని మావ అడిగినాడు.

"తెగితే బాగుసెయ్యడానికి ఎవుడొచ్చినాడు? మీలో ఒక్కరైనా సూసినారా? అదే తెగి అదే అతుక్కుందా?"

ఎవుడో ఎనకనుంచి నవ్వినాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండిపోనాది. లేసి నిలబడ్డాను. మొగోళ్ల మజ్జిన నానెప్పుడూ మాటాడనేదు, నీకు తెలుసు. ఆడి తోటలో కాయ దింపడానికి ఎవరూ ఎల్లకూడదన్నాను. ఆడింటికి సేపముక్క ఇవ్వకూడదన్నాను. ఆటోలోళ్లు ఆడినీ ఆడి ఇంటోళ్లనీ ఎక్కించుకోకూడదన్నాను. కాదన్నోళ్లు మీ బావ ఫొటో ముందుకొచ్చి కాదనమన్నాను. ఎవరూ కాదన్నేదు. కొత్తగా తాళి తెంపుకున్నదాన్ని ఎవరు కాదంటారు?

మా అత్త ఒక్కత్తే అన్నాది. "ఆడి పెళ్లాం నారాయణమ్మకి కిడ్నీలు పోనాయి కదే, రక్తం మిషనుకెట్టి శుభ్రం సేయించుకోడానికి పలాస ఆస్పత్రికి ఎల్లాలి కదే" అన్నాది.

"నా మొగుడు పోనాడు" అన్నాను. అత్త లెగిసి ఇంటికెల్లిపోనాది. కొడుకు పోనోళ్లు ఆమె కూడా అని నాకు తరవాత గుర్తొచ్చింది.

కాయలు రాలిపోతన్నాయి. రోజూ పొద్దున్న ఆ తోట గేటు కాడికెల్లి నిలబడి సూత్తన్నాను. ఆడు లోపల్నుంచి సూత్తాడు.

సల్లారిందా అంటావేమో. సల్లారనేదు.

కళ్యాణి


పలాస,
డిసెంబరు.

అప్పా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. చెవిలో అరిచి ఎవరికీ వినిపించకు.

మొన్న శుక్రవారం పొద్దున్న బస్ కాంప్లెక్సులో టీ తాగుతుంటే బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. మొహం ఉబ్బిపోయి కళ్లు గీతల్లా ఉన్నాయి. కాళ్లకి చెప్పులు పట్టడం లేదు, చేతిలో పట్టుకుంది. ఎవరో అనుకున్నాను. "అప్పలమ్మ కోడలి తమ్ముడివి కదా బాబూ" అని ఆమే పలకరించింది. నారాయణమ్మ. మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కడ బస్సెక్కి వచ్చిందట. అంతకుముందు నడవలేక రెండు విడతలు డయాలసిస్‌కి రాలేదట. నేను ఆటో పిలిచి ఆస్పత్రి దగ్గర దింపాను. దారిలో నీ గురించి ఒక్క మాట అనలేదు. "మా ముసలాయన తెంపలేదు బాబూ ఆ తీగ" అని మాత్రం అంది.

ఆ మాట పట్టుకుని ఆ రోజు రికార్డు తీశాను. అప్పా, నీకు అర్థమయ్యేలా రాస్తాను, కోపం కాసేపు ఆపి చదువు.

చిన్నప్పుడు నాన్న పడవ మోకు ఒక కొస మేకుకి కట్టి ఉంటే, రెండో కొస పట్టుకుని మనం ఊపేవాళ్లం. పైకీ కిందకీ ఊపితే అల పైకీ కిందకీ పోయేది. పక్కలకి ఊపితే పక్కలకి పోయేది. కేబుల్లో ఫైబర్ అని గాజు పోగు ఉంటుంది, దాంట్లో పోయే వెలుతురు కూడా అంతే. దానికీ ఊగే దిక్కు ఉంటుంది. మా మిషను ఒకే పోగులో నిలువుగా ఊగే వెలుతురు మీద కొన్ని కబుర్లు, అడ్డంగా ఊగే వెలుతురు మీద కొన్ని కబుర్లు పంపుతుంది. రెండూ కలిసే పోతాయి. ఇవతల మిషను వాటిని విడదీసి చదువుకుంటుంది.

చిక్కేమిటంటే ఆ దిక్కు దారిలో నిలవదు. ఎండకి తీగ వేడెక్కినా, గాలికి ఊగినా, పక్కనుంచి రైలు పోయినా వెలుతురు ఊగే దిక్కు మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ నిలువుగా పంపింది అక్కడికి ఏటవాలుగా చేరుతుంది. ఇవతల మిషను ఆ తిరుగుడుని వెంటాడుతూ సరిచేసుకుంటుంది. అది దానికి రోజూ ఉన్న పనే.

టవర్ల మీద మన పోగు ఎక్కడ ఉంటుందో తెలుసా, అన్నిటికన్నా పైన ఉండే ఎర్తు వైరు లోపల. పిడుగుని పట్టుకోడానికే ఆ వైరు పెడతారు. ఆ మధ్యాహ్నం టెక్కలి దాటాక కొండల దగ్గర టవర్ల మీద వరసగా పిడుగులు పడ్డాయి. పిడుగు కరెంటు ఆ వైరు మెలికల వెంట పరిగెత్తినప్పుడు అయస్కాంత శక్తి పుడుతుంది. అది లోపలి వెలుతురు దిక్కుని రెప్పపాటులో గిర్రున తిప్పేస్తుంది. మిషను వెంటాడలేకపోయింది. నిలువు, అడ్డం కలిసిపోయి ఒక్క ముక్క కూడా చదవలేకపోయింది. మళ్లీ మొదట్నుంచి సరిచేసుకునేలోగా ఇంకో పిడుగు. అలా కొన్నిసార్లు లింకు పడి లేచేసరికి, ఈ లైను నమ్మకూడదని మిషనే దాన్ని కాసేపు మూసేసింది. ఆ కాసేపట్లోనే జిల్లా ఆఫీసు కబురు వచ్చి టెక్కలిలో ఆగిపోయింది.

కేబులు తెగితే వెలుతురు సున్నా అవ్వాలి. మిషనుకి ఎంత వెలుతురు వస్తోందో అదే రాసి పెట్టుకుంటుంది. ఆ రోజంతా వెలుతురు ఇసుమంత కూడా తగ్గలేదు. తిరిగింది, అంతే. అందుకే ఎవరూ బాగుచెయ్యడానికి రాలేదు. అందుకే దానంతటదే వచ్చింది. పైడయ్య ఊరి పెద్దల ముందు అడిగిన ప్రశ్న సరైనదే.

రిపోర్టు అబద్ధం. నేను దాన్ని నీకు మోసుకొచ్చాను.

కట్టుబాటు ఎత్తించు. ముందు ఆటోలు ఎక్కించుకోనివ్వమను. కానీ నేను చెప్పానని అనొద్దు. ఉద్యోగం పోతుంది. ఏదో ఒకటి చెప్పి ఎత్తించు.

ఆనంద్


భావనపాడు,
డిసెంబరు.

ఆనందుకి,

మాకు ఫైబరంటే పడవ. నీకు ఫైబరంటే గాజు పోగు. అయినా నువ్వు రాసింది నాకు అర్దం కానేదనుకోకు. అర్దమైంది. అర్దమైంది కాబట్టే కడుపు మండుతున్నాది.

అంటే మీ బావని ఎవరూ సంపనేదు. వెలుతురు తిరిగింది, మిషను తికమక పడింది, మూసీసుకుంది. నానిపుడు ఎవుర్ని తిట్టాలి? ఆ కొండల మీద మబ్బునా? ఇన్నాళ్లూ పొద్దున్న లెగిత్తే నాకో పనుండేది. ఆ గేటు కాడ నిలబడ్డం. దాన్ని కూడా పట్టుకుపోతావా?

ఏదో ఒకటి సెప్పమంటావు. ఏటి సెప్పాలి? నాకు కలొచ్చిందని సెప్పనా? ఆడి పేరు నా నోట్లో పెట్టినప్పుడు నీకు బయం నేదు. తియ్యడానికొచ్చేతలికి ఉద్యోగం గుర్తొచ్చింది. పేరెట్టడానికి కంపెనీ కాయితం ఉంది, కేసుంది. తియ్యడానికి దొంగసాటు ఉత్తరమా? నానెల్లి ఉట్టినోటితో సెప్తే, "పాపం, మనసు సెడిందీ పిల్లకి" అంటారు. ఆటోలోళ్లు ఎప్పట్లాగే ఆపకుండా పోతారు.

ఇంకోటి. మిషను ఎంటాడలేకపోయిందన్నావు. ఎంటాడగలిగే మిషను నేదా ఈ లోకంలో? పిడుగు పట్టే వైరులోనే ఆ పోగు పెట్టినోళ్లకి పిడుగు పడుద్దని తెలీదా? దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయనేదు. ఎందుకు రాయనేదో ఆలోసించుకో.

సంతకం పెట్టిన కాయితం పంపు. అప్పటిదాకా నానేటీ ఎత్తించను.

కళ్యాణి


పలాస,
సంక్రాంతి వెళ్లాక.

అప్పా,

నువ్వు కాయితం కావాలని పంతం పట్టావు. నేను ఉద్యోగం చూసుకుంటూ మూడు వారాలు కూర్చున్నాను. మన ఇద్దరి మధ్యలో నారాయణమ్మ పడిపోయింది. పండగ బస్సులు కిటకిటలాడుతుంటే ఎక్కలేక వెనక్కి వెళ్లిపోయిందట. మర్నాడు ఊపిరాడక మెయిన్ రోడ్డు మీద పడిపోతే ఎవరో లారీవాళ్లు పలాస తెచ్చారు. ఆస్పత్రి నుంచి నాకు కబురొచ్చింది. ఆమె చీర కొంగులో నా ఫోను నంబరు ముడివేసుకుని ఉంది. ఆటోలో దింపిన రోజు నేనే ఇచ్చాను. ప్రాణం దక్కింది. మాట మాత్రం తడబడుతోంది. పైడయ్య వచ్చాడు. నేను ఎవరో తెలిసి గోడకి తిరిగి కూర్చున్నాడు.

అక్కడ్నుంచి తిన్నగా ఉదయశంకర్ దగ్గరికి వెళ్లాను. రికార్డు ఆయన టేబులు మీద పెట్టాను.

"వెలుతురు తగ్గకుండా కేబులు ఎలా తెగింది సార్?" అన్నాను.

ఆయన కాయితాలు చూడను కూడా చూడలేదు. "నువ్వు ఎవరి తరఫున అడుగుతున్నావు ఆనంద్? కంపెనీ తరఫునా, మీ అక్కయ్య తరఫునా?"

"ఆస్పత్రిలో ఉన్నావిడ తరఫున."

"కూర్చో. చూడు, పిడుగు అని రాశామనుకో. రేపు ప్రతి వర్షానికీ వచ్చి మనల్నే అడుగుతారు. టవర్ల మీద ఉన్న లైన్లన్నీ లెక్క తియ్యాలి. ఎవరో తవ్వారని రాస్తే ఒకసారితో పోతుంది."

"ఒకసారితో పోయేది ఎవరు సార్?"

"ఎవరో కొబ్బరి రైతు. కోర్టులో నిలవదు ఆ కేసు. కొట్టేస్తారు. ఆయనకి పోయేదేం లేదు."

నేను అరవలేదు. అరవాల్సింది. నువ్వు అడిగావే, వెంటాడగలిగే మిషను లేదా అని, అదే ఆయన్ని అడిగాను. మొహం మారింది.

ఉంది అప్పా. కొత్త మిషను కూడా అక్కర్లేదు. మన దగ్గరున్న దాంట్లోనే దిక్కుని వెంటాడే వేగం పెంచుకోవచ్చు. పెంచితే మిషను ఎక్కువ వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, గదిలో ఇంకో ఏసీ పెట్టాలి. టవర్ల మీద పోయే లైనుకి అది పెంచి తీరాలని మా దగ్గర పనిచేసిన నాగసుధ అనే ఆవిడ వేసవిలోనే పైవాళ్లకి రాసింది. పిడుగు పడినప్పుడల్లా లింకు పోతోంది, సైరన్లు దీని మీదే ఉన్నాయి అని కూడా రాసింది. అవసరం లేదని జవాబిచ్చి, ఆవిణ్ణి వేరే ఊరికి మార్చేశారు. నేను మొన్న ఆవిడకి ఫోన్ చేశాను. "మీరు అడగడానికి ఒక మనిషి చావాల్సి వచ్చిందా ఆనంద్" అంది. తను రాసిన దాని నకలు పంపింది.

నన్ను రేపట్నుంచి రావద్దన్నారు. కంపెనీ రహస్యాలు బయటపెట్టానని నోటీసు ఇచ్చారు.

ఈ కవర్లో రికార్డు ఉంది, నాగసుధ గారి కాయితం ఉంది. కేబులు తెగలేదని, రిపోర్టు అబద్ధమని నేను తెలుగులో రాసి సంతకం పెట్టింది ఉంది. కావాలంటే ఊరంతటికీ వినిపించు.

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. నేను పేరు ఇచ్చాను, నువ్వు ఆటోలు ఆపావు. నా మీద ఎంత ఉందో నీ మీదా అంతే ఉంది. ఆ ఉదయశంకర్ మీద ఎంత ఉందో రాయడానికి నాకు మాటలు రావడం లేదు.

ఆనంద్


భావనపాడు,
ఫాల్గుణం.

తమ్ముడూ,

ఉత్తరం ఆలిస్యమైంది. రాయడానికి ముందు సెయ్యాల్సిన పనులున్నాయి.

నీ కవరు అందిన సాయంత్రమే రేవు కాడ అందర్నీ కూకోబెట్టమన్నాను. లోకనాథం మావ "ఇంకేటి?" అన్నాడు. ఇంకేటో ఆయన సెవి కాడే అరిసి సెప్పాను. నీ కాయితం అచ్చరం వదలకుండా సదివాను. సదివాక ఇంతే అన్నాను: "పైడయ్య తీగ తెంపనేదు. ఆటోలు ఆపమన్నది నాను. ఆ ముసల్ది సచ్చిపోయుంటే సంపింది నాను." ఎవుడో "నువ్వు బాదలో ఉన్నావు కదమ్మా, మేవు కూడా ఒప్పుకున్నాం కదా" అన్నాడు. "మీరు ఒప్పుకున్నది నా మొకం సూసి, నిజం సూసి కాదు. రేపు ఇంకెవుత్తో ఏడిత్తే ఇంకెవుడి ఆటోనో ఆపుతారు" అన్నాను. ఎవరికీ నచ్చనేదు. కట్టుబాటు మాత్తరం ఎత్తీసినారు.

మర్నాడు మా అత్తని ఎంటబెట్టుకొని పైడయ్య ఇంటికెల్లాను. తోటంతా రాలిన కాయలు, మొలకలొచ్చీసినాయి. ఆయన అరుగు మీద కూకొని ఉన్నాడు. లోపల నారాయణమ్మ మంచం మీదుంది. నాను గుమ్మం కాడే ఆగినాను.

"ఏటికొచ్చినావు?" అన్నాడు.

సెప్పాను. అంతా సెప్పాను.

ఆయన లోపల మంచం ఏపు సూసినాడు. తరవాత మెల్లగా అన్నాడు. "కామేశుని ఒడ్డుకి తెచ్చినప్పుడు తాడట్టుకొని లాగినోళ్లల్లో నానూ ఉన్నాను. నువ్వు సూడనేదు. నీకు అప్పుడేటీ కనపడనేదు. సరే. తరవాత రోజూ నా గేటు కాడ నిలబడ్డావు, అప్పుడు కనపడ్డాను కదా. అప్పుడు ఒక్క మాట అడిగినావా, తవ్విన గొయ్యి సూపించు అని? లోపలికొచ్చి సూత్తే గొయ్యికీ కేబులుకీ మజ్జిన రోడ్డుందని నీ కళ్లకే తెలిసీసేది."

తమ్ముడూ, అన్ని పొద్దులు నిలబడ్డాను కదా, ఆ గొయ్యి ఎక్కడుందో నాను సూడనే నేదు.

మా అత్త దణ్ణమెట్టబోయింది. "నువ్వెట్టకు అప్పలమ్మా. నువ్వు ఆ రోజు కూడా సెప్పినావని తెలుసు" అన్నాడు. నాతో అన్నాడు: "నువ్వు ఎల్లు. నీ ఏడుపు సూడ్డానికి నాకు ఓపిక నేదు."

వచ్చీసినాను. ఏడవనేదు. ఆయనకి సూపించడానికి ఏడుత్తున్నట్టు ఉంటాదని.

తరవాత నువ్వు ఇనని సంగతి. మాగమాసంలో మీ కంపెనీవోళ్లు వేనేసుకొని వచ్చినారు, సైరను స్తంభం కాడ ఫొటోలు తీసుకున్నారు. కొండల మీద ఉరుములొచ్చినా ఇక లింకు పోదంట, పలాసలో మిషను సరిసేసినారంట. కేసు కూడా ఎనక్కి తీసుకున్నారంట. ఆ ఉదయశంకర్ కూడా వచ్చినాడు, తెల్ల సొక్కా. నాను తిన్నగా ఎదటికెల్లి అడిగినాను, "ఇపుడు సరిసేసినారు కదా బాబూ, ఏసవిలో ఎందుకు సెయ్యనేదు" అని.

"అప్‌గ్రేడ్ చేశామమ్మా. ఎప్పటికప్పుడు చేస్తూనే ఉంటాం" అన్నాడు.

"పైడయ్య తెంపనేదని ఒక కాయితం రాసియ్యండి."

"కేసు వెనక్కి తీసుకున్నాం కదమ్మా. ఇంకెందుకది?"

నవ్వుతూ అన్నాడు తమ్ముడూ. కోపంగా అనుంటే ఊరుకుందునేమో. మీ బావ పోయినా ఏమీ అవనట్టు, నారాయణమ్మ మాట పోయినా ఏమీ అవనట్టు, మిషను సరిసేసుకొని ఎల్లిపోతన్నారు. తప్పు సేసినోడు తప్పని ఒప్పుకోకుండా బాగు సేసుకుంటే, అది నాకు సేసిన బాగు ఎలా అవుద్ది?

టెక్కల్లో వకీలు రాఘవేంద్ర గారని ఉన్నారు. ఆయన కాడికి నాను ఒక్కత్తినే ఎల్లాను. నీ కాయితాలన్నీ సూసినారు. కేసెయ్యొచ్చన్నారు. తెలిసుండీ మిషను సరిసెయ్యకుండా వదిలీసినందుకొకటి, తప్పుడు రిపోర్టు రాసినందుకొకటి. రెండోది పైడయ్య ఎయ్యాల, నాను కాదు అన్నారు.

మళ్లీ ఆ తోటకెల్లాలి. ఎల్లాను. ఈసారి కాయలు ఏరుతున్నాడు. నన్ను సూసి సేతిలో కాయ పక్కనెట్టినాడు. వకీలు సెప్పింది సెప్పాను. నాతో రానక్కర్నేదు, ఏరేగా ఎల్లినా సాలన్నాను.

ఆయన సేతులు దులుపుకున్నాడు. "నిన్ను సెమించి ఒగ్గీసినాననుకోకు" అన్నాడు.

"అనుకోను."

"ఆవిడ నన్ను నోరారా పిలవలేకపోతన్నాది ఇపుడు. దానికి సగం నువ్వు. నా పేనం ఉన్నంతవరకూ ఆ సగం నీదే."

"నాదే."

"మిగతా సగం ఆ తెల్ల సొక్కాగాడిది. ఆణ్ణి వదలను. కాయితం మీద నా పేరు రాయించు. నీ పేరు కింద కాదు. ఏరేగా, దానికంటూ ఓ వరస పెట్టి రాయమను."

శనివారం టెక్కలి ఎల్లాం. ఆయన బస్సులో వచ్చినాడు, నాను ఆటోలో వచ్చాను. వకీలు గది బయట ఒకే బల్ల మీద రెండు కొసలా కూకున్నాం. ఆయన సంతకం ఎట్టినాడు, నాను ఎట్టాను. ఎనక్కి కూడా ఏరేగానే వచ్చాం. నారాయణమ్మని ఇపుడు మా ఈది పోరడి ఆటోలో పలాస తీసుకెల్తన్నారు. నాను ఎదురైతే ఆమె మొకం తిప్పుకుంటాది. తిప్పుకోనీ.

వకీలు ఇంకో మాటన్నారు. కాయితాలు ఎన్నున్నా, ఆ వెలుతురు ఎలా తిరిగిందో జడ్జీ ముందు నిలబడి సెప్పడానికి మనిసి కావాలంట. మోకు ఊపి సూపించినట్టు సూపించాలంట. ఆ కంపెనీ వకీలు నిన్ను నిలబెట్టి దొంగవంటాడు, ఉద్యోగం పోనాదన్న కచ్చతో సెప్తన్నావంటాడు, అప్ప కోసం అబద్దం ఆడతన్నావంటాడు. అవన్నీ పడాల.

నీ మీద నాకు కోపం తగ్గనేదు. నా మీద నీకు తగ్గిందని నువ్వు రాయొద్దు, నానడగను. నీది, నాది, పైడయ్యది, ఈ మూడు కోపాలూ అలాగే ఉండనీ. పైనెల మొదటి సోమవారం కేసు పిలుత్తారు. ముందురోజు మజ్జాన్నం ఇంటికి రా, అందరూ సూత్తుండగా రా. తెల్లారి టెక్కలి ఎల్దాం.

నువ్వొత్తే ముగ్గురం. రాపోతే ఇద్దరం. ఆగడం మాత్తరం ఆగం.

మీ అప్ప,
కళ్యాణి